పెట్టె తెరవకుండానే కొనేవాళ్ల కోసం: స్కేల్ మోడల్ కిట్లకీ ఆఫ్టర్‌మార్కెట్ సామానుకీ రివ్యూ రాసే పద్ధతి

తిరుపతిలో చీర కొనాలంటే గాంధీ రోడ్డులో నాలుగు షాపులు తిరుగుతాం. మడత విప్పించి, గుమ్మం దగ్గరికి తెచ్చి వెలుతురులో చూసి, అంచు చేత్తో నిమిరి కొంటాం. స్కేల్ మోడల్ కిట్‌ విషయంలో మనకి ఆ వీలు లేదు. కిట్ అంటే విమానాన్నో ట్యాంకునో చిన్న సైజులో చేసి ముక్కలుగా అమ్మే పెట్టె, అతికించి కట్టుకోవాల్సింది మనమే. నేను ఇప్పటిదాకా కట్టిన కిట్లన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవే. డబ్బు ముందే కట్టాలి. విదేశం నుంచి వస్తే షిప్పింగ్ ఖర్చు, కస్టమ్స్ సుంకం అదనం. పెట్టె ఇంటికొచ్చి మూత తీశాకే అసలు సంగతి తెలుస్తుంది, అప్పటికి తిప్పి పంపే దారి ఉండదు. కాబట్టి రివ్యూ అంటే మన తరఫున ఇంకొకరు మడత విప్పి చూడటమే.

కొన్నేళ్ల కిందట ఒక మిగ్-21 యుద్ధవిమానం కిట్ కోసం విడిగా రెసిన్ (రబ్బరు అచ్చులో పోస్తే గట్టిపడే పదార్థం) కాక్‌పిట్ తెప్పించాను. కిట్‌తో రాకుండా ఇలా విడిగా అమ్మేదాన్నే ఆఫ్టర్‌మార్కెట్ సామాను అంటాం. కొనేముందు చదివిన రివ్యూ దాన్ని ఆకాశానికెత్తింది. ఫోటోలు నాలుగు, నాలుగూ ప్యాకెట్టువే. నా దగ్గరికొచ్చిన కాక్‌పిట్ తొట్టి, విమానం పొట్ట లోపలి వెడల్పు కన్నా మిల్లీమీటరుకి పైగా ఎక్కువుంది. మూడు సాయంత్రాలు లోపలి గోడలు అరగదీశాను. చివరికి ప్లాస్టిక్ పల్చబడి కుడివైపు చిల్లు పడింది. ఆ రివ్యూ రాసినాయన అబద్ధమాడాడని నేను అనను. ఆయన దాన్ని కిట్‌లో పెట్టి చూడలేదు, చూడలేదన్న మాట కూడా రాయలేదు. ఆ చిల్లు పడ్డ పొట్ట ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

కింద చెప్పబోయే పద్ధతంతా ఆ అనుభవం నుంచి పుట్టిందే. ఏది కంటితో చూశాను, ఏది కొలిచాను, ఏది కట్టి తెలుసుకున్నాను అన్న మూడింటినీ కలపకుండా రాయాలి.

మొదటి అడుగు: ఏ రకం రివ్యూ రాస్తున్నారో తేల్చుకోండి

పెట్టె తెరిచి ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక రకం. ముఖ్యమైన ముక్కలు కోసి, టేపుతో బిగించి చూసి చెప్పడం రెండో రకం. పూర్తిగా కట్టి, రంగులేసి, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) అంటించి చెప్పడం మూడో రకం. మూడూ పనికొచ్చేవే. ఏ రకమో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి. కిట్ మీరే కొన్నారా, కంపెనీ ఉచితంగా పంపిందా అన్నది కూడా అక్కడే రాయాలి. ఉచితంగా వచ్చిన దాని గురించి నిజం రాయలేమని కాదు. చదివేవాళ్లకి ఆ సంగతి తెలిసే హక్కు ఉంది.

రెండో అడుగు: కత్తి పట్టకముందు

పెట్టె మీద బొమ్మను కాసేపు మరిచిపోండి. భాగాలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలను స్ప్రూలంటాం. వాటన్నిటినీ తెల్ల దుప్పటి మీద పరిచి, సూచనల పుస్తకంలోని పటంతో ఒక్కొక్కటీ సరిచూడండి. ఏదైనా ముక్క లేకపోతే, లేదా అచ్చులో ప్లాస్టిక్ చివరిదాకా చేరక సగమే పోసుకుని ఉంటే, అది ఇప్పుడే దొరకాలి. కోసేశాక దొరికితే మీరు పోగొట్టారో, కంపెనీ వేయలేదో ఎవరికీ తెలియదు.

తర్వాత చూడాల్సింది అచ్చు వయసు. పెట్టె కొత్తది కావచ్చు, లోపలి అచ్చు తాతల నాటిది కావచ్చు. ఒక కంపెనీ అచ్చులో పోసిన ప్లాస్టిక్ ఇంకో కంపెనీ పెట్టెలో రావడం ఈ రంగంలో మామూలే. టామియా పెట్టెలో ఇటలేరి ప్లాస్టిక్, రెవెల్ పెట్టెలో హసెగావా ప్లాస్టిక్ వచ్చిన సందర్భాలున్నాయి. ఇందులో మోసమేమీ లేదు. అయితే కొనేవాడికి ఆ సంగతి తెలియాలి. స్ప్రూ అంచునో, రెక్క లోపలి వైపునో చాలాసార్లు సంవత్సరం, కంపెనీ పేరు అచ్చై ఉంటాయి. అది దొరికితే ఫోటో తీసి పెట్టండి. పానెల్ లైన్లు (విమానం రేకుల అతుకుల్ని చూపే గీతలు) లోపలికి చెక్కినట్టు కాకుండా పైకి ఉబ్బి ఉంటే అది సాధారణంగా పాత అచ్చే.

ఇక ప్లాస్టిక్‌ని పరీక్షించాలి. లోపాలు ఎందుకు వస్తాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. రెండు ఉక్కు దిమ్మల మధ్య ఖాళీలోకి కరిగిన పాలీస్టైరీన్‌ని ఒత్తిడితో నింపుతారు. దిమ్మలు అరిగినా, గట్టిగా బిగియకపోయినా సందులోంచి పల్చటి పొర బయటికొస్తుంది. అదే ఫ్లాష్. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి మందంగా ఉన్నచోట పైన సొట్ట పడుతుంది, అదే సింక్ మార్కు. అందుకే సింక్ మార్కుల కోసం రెక్క మొదట్లోనూ, లోపలివైపు పిన్ను లేదా దిమ్మ ఉన్నచోట సరిగ్గా దాని వెనకా చూడాలి. ముక్కని అచ్చులోంచి బయటికి నెట్టే కడ్డీలు గుండ్రటి మచ్చలు వదులుతాయి, అవే ఎజెక్టర్ మార్కులు. ఆ మచ్చ ఉందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. కనిపించే చోట ఉందా, కప్పడిపోయే చోట ఉందా అన్నదే రాయాల్సింది. చక్రాల గది తలుపు లోపలివైపు మచ్చ పడితే పుట్టీ పెట్టి అరగదీయాలి. పైలట్ సీటు కింద పడితే ఎవరికీ పట్టదు. చాలా రివ్యూలు ఈ తేడా చెప్పకుండా ‘ఎజెక్టర్ మార్కులు ఉన్నాయి’ అని వదిలేస్తాయి.

ఫోటోల గురించి ఒక మాట. బూడిద రంగు ప్లాస్టిక్‌ని ట్యూబ్‌లైటు కింద ఫోటో తీస్తే అంతా చదునుగా కనిపిస్తుంది. మా ఇంట్లో తూర్పు కిటికీ దగ్గర పొద్దున ఏడు, ఏడున్నరకి వెలుతురు ఏటవాలుగా పడుతుంది. ఆ పూట తీస్తే ప్రతి గీతా, రివెట్టూ నీడతో తేలుతుంది. తెల్ల ప్లాస్టిక్ అయితే నల్ల పోస్టర్ కలర్‌ని నీళ్లలో బాగా పలచన చేసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి పూయండి. గీతల్లో నలుపు నిలుస్తుంది, ఫోటో అయ్యాక కడిగేస్తే పోతుంది. ఒక్క ఫోటోలోనైనా పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మి.మీ., సైజు ఎంతో ప్రతివాళ్లకీ వెంటనే అర్థమవుతుంది.

మూడో అడుగు: కొలవండి, కానీ కొలతకి బానిస కావద్దు

ఒక వెర్నియర్ కాలిపర్, ఒక కాలిక్యులేటర్ చాలు. అసలు వస్తువు కొలతని మిల్లీమీటర్లలోకి మార్చి స్కేలుతో భాగించాలి. 1/72 స్కేలంటే అసలు దానిలో డెబ్బై రెండో వంతు. మిగ్-21 రెక్కల వెడల్పు 7.154 మీటర్లు, అంటే 7154 మి.మీ. 72తో భాగిస్తే 99.4, 48తో భాగిస్తే 149. మీ చేతిలో ఉన్న 1/72 కిట్ రెక్కలు టేపుతో బిగించాక 99 నుంచి 100 మి.మీ. మధ్య ఉంటే సంతోషించండి. రాకెట్లంటే ఇష్టమున్నవాళ్లకి మన జిల్లా ఉదాహరణే చెప్తాను. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. 1/144లో చేస్తే అది 30 సెంటీమీటర్ల చిల్లర రావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సగం మిల్లీమీటరు తేడా పట్టుకుని కిట్ మొత్తం పనికిరాదని రాసేవాళ్లున్నారు. షోకేసులో పెట్టాక ఆ సగం మిల్లీమీటరు ఎవరి కంటికీ కనపడదు. ముక్కు ఆకారం తప్పితే, కానోపీ (పైలట్ మీద మూసే అద్దపు మూత) వంపు తప్పితే మాత్రం పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాల ఉంది. అక్కడ నేర్పే సంప్రదాయ శిల్పంలో విగ్రహాన్ని తాళమానంతో, అంటే ముఖం పొడవును ప్రమాణంగా పెట్టుకుని కొలుస్తారు. విగ్రహం ఎన్ని అడుగులన్నది తర్వాత, ముఖానికీ ఒంటికీ పొంతన ముందు. కిట్ కొలిచేటప్పుడు నేను అదే పాటిస్తాను. మొత్తం పొడవు ఒకసారి చూసి, ఆ తర్వాత ముక్కుకి కాక్‌పిట్ ఎంత దూరం, రెక్క మొదలు ఎక్కడ, తోక ఎత్తు పొట్ట ఎత్తుకి ఎన్ని రెట్లు అన్నవి పక్కనుంచి తీసిన ఫోటోతో పోల్చుకుంటాను.

స్కేలు లెక్క ఇంకోచోట కూడా బాగా పనికొస్తుంది. 1/72 కిట్‌లో పానెల్ లైను వెడల్పు 0.2 మి.మీ. ఉందనుకోండి. 72తో గుణిస్తే 14.4 మి.మీ. అసలు విమానం మీద అంత సందు ఉంటే వేలు పట్టేస్తుంది! అదే కిట్‌లో రెక్క వెనక అంచు సగం మిల్లీమీటరు మందం ఉంటే, అసలు విమానంలో అది 36 మి.మీ. దిమ్మ. ‘గీతలు లావుగా ఉన్నాయి’ అని రాయడం కన్నా ఈ లెక్క ఒక్కసారి రాస్తే చదివేవాడికి పట్టుబడుతుంది. అయితే రంగు పొరలు పడ్డాక 0.1 మి.మీ. గీతలు పూడిపోతాయని, అందుకే తయారీదారులు కొంత లావు ఉంచుతారని కూడా చెప్పడం న్యాయం.

నాలుగో అడుగు: పెట్టె మీద రాసింది, లోపల ఉన్నది ఒకటేనా?

మన ఎయిర్‌ఫోర్స్ గుర్తులతో వచ్చే కిట్లను మనవాళ్లు ఇష్టంగా కొంటారు. ఇక్కడే ఎక్కువ మోసపోతారు కూడా. అందుకే ఈ అడుగు దగ్గర నేను ఎక్కువ సమయం గడుపుతాను.

మిగ్-21 మన దగ్గరికి 1963లో వచ్చింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి వీడ్కోలు జరిగింది. ఆ అరవై రెండేళ్లలో మనం వాడినవన్నీ ఒకే రకం కాదు. 2013 డిసెంబరులో రిటైరైన ఎఫ్‌ఎల్ రకానికి కానోపీ ముందు అద్దంతో సహా ఒకే ముక్కగా ముందుకి తెరుచుకుంటుంది, లోపల తుపాకీ లేదు, కావాలంటే పొట్ట కింద గన్ పాడ్ (తుపాకీ అమర్చిన డబ్బా) తగిలించేవారు. బిస్ రకానికి ముందు అద్దం కదలదు, కానోపీ పక్కకి తెరుచుకుంటుంది, తుపాకీ పొట్టలోనే అమర్చి ఉంటుంది, వీపు మీది ఉబ్బు కూడా లావు. కాబట్టి పెట్టెలో బిస్ ప్లాస్టిక్ పోసి, ఎఫ్‌ఎల్ నడిపిన స్క్వాడ్రన్ గుర్తులిస్తే ఆ రెండూ కలవవు. రివ్యూ రాసేవాళ్లు ఫోటో ముందు పెట్టుకుని ఈ నాలుగు గుర్తులూ చూస్తే చాలు, రకం తేలిపోతుంది.

నాట్ విమానం కథ ఇంకోలా ఉంటుంది. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ విమానాల్ని కూల్చి ‘సేబర్ స్లేయర్’ అని పేరు తెచ్చుకున్న మన నాట్ ఒకే సీటు ఫైటర్. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ అమ్మే నాట్ టి.1 మాత్రం బ్రిటన్ వాళ్ల రెండు సీట్ల ట్రైనర్. ఎర్ర రంగు రెడ్ యారోస్ (బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల జట్టు) విమానంగా అది చక్కటి కిట్. మన గుర్తులు అంటించినంత మాత్రాన మన నాట్ అయిపోదు, రెక్కలూ ముక్కూ కూడా వేరు. ‘ఎవరైనా దీన్ని మన ఎయిర్‌ఫోర్స్ విమానంగా మార్చొచ్చు’ అని ఒక్క ముక్కలో రాసేస్తే, చదివిన పిల్లాడు దాచుకున్న డబ్బుతో అది కొంటాడు. చిత్తూరు నుంచి ఇంటర్ చదివే కుర్రాడొకడు అలా కొని నాకు ఫోన్ చేశాడు. ‘అన్నా, రెండో సీటు పూడ్చేస్తే సరిపోతుందా?’ అని అడిగాడు. సరిపోదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. రెడ్ యారోస్ రంగుల్లోనే కట్టమన్నాను. కట్టాడు, బాగా వచ్చింది.

ఐదో అడుగు: పొడిగా బిగించి చూడటం

పొట్ట రెండు ముక్కలు, రెక్కలు, కానోపీ కోసి, జిగురు లేకుండా మాస్కింగ్ టేపుతో బిగించండి. సందు ఎంతుందో మాటల్లో చెప్తే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. నేను జెరాక్స్ కాగితం వాడతాను. మామూలు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఒక కాగితం దూరితే జిగురే పూడ్చేస్తుంది. రెండు, మూడు దూరితే పుట్టీ కావాలి. ఐదు దూరితే ప్లాస్టిక్ షీటు కోసి ఇరికించాలి. ‘ఎడమ రెక్క మొదట్లో మూడు కాగితాల సందు’ అని రాయండి. ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం నాకు చేతకాలేదు.

ముక్కలు వంకర తిరిగి ఉంటే తొందరపడి కంపెనీని తిట్టకండి. మే నెలలో డెలివరీ వ్యానులో రోజంతా ఎండకి పడున్న పెట్టె అది. వేడి నీళ్లలో ఉంచి సరిచేస్తే వస్తుందేమో చూసి, వస్తే ఆ మాటే రాయండి. రెండో పెట్టె ఉన్న మిత్రుణ్ని అడిగి, లోపం అచ్చుదా, మీ పెట్టె ఒక్కదానిదా తేల్చుకుంటే ఇంకా మంచిది.

అద్దం ముక్కల్ని దినపత్రిక మీద పెట్టి అక్షరాలు చదవండి. అక్షరం వంగకుండా కనిపిస్తే మంచి కానోపీ. ఈ ఒక్క ఫోటో చాలు, దాని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆరో అడుగు: డెకాల్స్, రంగులు, మన ఊరి నీళ్లు

మన ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. రంగులు ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తారు కాబట్టి వలయాలు ఒకే కేంద్రం మీద కూర్చున్నాయా, ఒకవైపు తెలుపు ఎక్కువ కనిపిస్తోందా అని భూతద్దంతో చూడండి. కాషాయం మరీ నారింజ అయిందా, ఎరుపుకి తిరిగిందా చెప్పండి. తర్వాత వాడని గుర్తు ఒకటి కోసి, పనికిరాని ప్లాస్టిక్ మీద నిజంగా అంటించండి. నీళ్లలో ఎన్ని సెకన్లకి కాగితం వదిలింది, చిరిగిందా, మెత్తబరిచే సొల్యూషన్ వేస్తే గీతల్లోకి దిగిందా, ఆరాక చుట్టూ ఉన్న పారదర్శక పొర మెరుస్తూ కనిపిస్తోందా అన్నవి రాయండి. బోరు నీళ్లు మాత్రం వాడకండి. మా వీధి బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్ల మరకలు పడతాయి, ఆ తప్పు డెకాల్‌ మీదకి పోతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

సూచనల పుస్తకంలో రంగులకి ఆ కంపెనీ సొంత నంబర్లే ఇచ్చారా, ఫెడరల్ స్టాండర్డ్ నంబర్లు (అమెరికా ప్రభుత్వం రంగులకి పెట్టినవి) కూడా ఇచ్చారా అన్నది మనకి చాలా ముఖ్యం. మంటంటుకునే ద్రవాలని మామూలుగా విమానంలో పంపనివ్వరు, కాబట్టి ఆ కంపెనీ రంగు మనకి దొరక్కపోవచ్చు. దొరికే రంగుల్లో దగ్గరిది మీరు కలిపి చూసి ఉంటే ఆ పాళ్లు రాయండి.

మీరు ఏ కాలంలో కట్టారో కూడా రాయండి. ఎండాకాలంలో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పనిముట్టు) మూతి దగ్గరే ఆక్రిలిక్ రంగు ఆరిపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో లాకర్ (lacquer) రకం రంగు కొడితే గాలిలో తేమకి పైన తెల్లగా మబ్బు కమ్ముతుంది. ఇవి కిట్ తప్పులు కావు, రంగు తప్పులూ కావు.

ఏడో అడుగు: ఆఫ్టర్‌మార్కెట్ సామాను

ఇక్కడ రివ్యూ ఇంకా కఠినంగా ఉండాలి. ఎందుకంటే ఈ సామాను ధర కొన్నిసార్లు కిట్ ధరని దాటుతుంది. ఏ కిట్ కోసం చేశారో ఆ కిట్‌లో పెట్టి చూడకుండా దీని మీద రివ్యూ రాయకూడదు. ఇది నా గట్టి నియమం. కిట్ లేకపోతే ‘ఇంకా పెట్టి చూడలేదు’ అని పెద్దక్షరాల్లో రాయండి.

ముందు అడగాల్సిన ప్రశ్న, ప్లాస్టిక్ చేయలేనిది ఇదేం చేస్తోంది? ఉదాహరణకి ట్యాంకు చక్రాల మీద ఉండే రేకు మడ్‌గార్డు తీసుకోండి. అసలుది 3 మి.మీ. రేకు అనుకుంటే 1/35లో 0.09 మి.మీ. కన్నా తక్కువే రావాలి. ప్లాస్టిక్‌ని అంత పల్చగా అచ్చు పోయడం కుదరదు. కిట్‌లో అది 0.8 మి.మీ. ఉంటే, 28 మి.మీ. ఉక్కు పలకలా కనిపిస్తుంది. ఫోటో-ఎచ్ (రసాయనంతో చెక్కిన) ఇత్తడి రేకు 0.1, 0.2 మి.మీ.లో వస్తుంది కాబట్టి అక్కడ డబ్బుకి న్యాయం చేస్తుంది. జాలీలు, సీటు బెల్టు బకిల్స్, రేడియేటర్ తెరలు కూడా అంతే. అదే ఇత్తడి రేకుని గుండ్రటి గొట్టాలకి, పిడులకి వాడమంటే మాత్రం ఒప్పుకోకండి. గుండ్రంగా ఉన్న ప్లాస్టిక్ తీసేసి చదును రేకు పెట్టడం ముందుకి కాదు, వెనక్కి అడుగు. షీటులో ఇన్ని వందల ముక్కలున్నాయని మెచ్చుకునే ముందు, వాటిలో ఎన్ని నిజంగా వాడారో లెక్క చెప్పండి.

రేకు మడిచే గీత సగం లోతు చెక్కి ఉంటుంది, అది సాధారణంగా మడత లోపలి వైపుకి రావాలి. నాలుగైదు మడతలు పెట్టి చూసి, విరిగిందా, నిటారుగా నిలిచిందా రాయండి. ఇత్తడి మొండికేస్తే మంట మీద ఒక క్షణం చూపి చల్లార్చితే మెత్తబడుతుంది. పల్చటిది కాబట్టి చూస్తుండగానే కరిగిపోగలదు, ముందు షీటు అంచు ముక్క మీద ప్రయత్నించండి. ప్లాస్టిక్ జిగురు ఇత్తడికీ, రెసిన్‌కీ పట్టదు. అది పాలీస్టైరీన్‌ని కరిగించి అతికిస్తుంది, వీటిని కరిగించలేదు. సూపర్ గ్లూ కావాలి. దాని ఆవిరి కానోపీకి తగిలితే తెల్లగా మసకబారుతుంది, కొత్తవాళ్ల కోసం ఆ హెచ్చరిక కూడా ఇవ్వండి.

రెసిన్ సంగతి వేరు. ఉక్కు దిమ్మలోంచి ముక్క నేరుగా బయటికి రావాలి కాబట్టి ప్లాస్టిక్‌లో పక్కల వివరం మొద్దుబారుతుంది. రెసిన్‌ని రబ్బరు అచ్చులో పోస్తారు, రబ్బరు సాగుతుంది, అందుకే కుర్చీ మడతలు, తీగలు, వెనక్కి తిరిగిన అంచులు అన్నీ వస్తాయి. అయితే బుడగలుంటాయి, రెసిన్ పోసినచోట ముక్కకి అంటుకుని మిగిలే దిమ్మ కోయాలి, ఆరేటప్పుడు కొంత కుంచించుకోవడం ఉంటుంది. నాలుగింటిని చూడండి. బుడగలు కనిపించే చోట ఉన్నాయా? దిమ్మ కోసేచోట వివరం ఏమైనా పోతోందా? ముక్క వెడల్పెంత, కిట్ లోపలి వెడల్పెంత? లోపలి గోడలు ఎంత అరగదీయమంటున్నారు? ఈ చివరి రెండూ కాలిపర్‌తో కొలిచి అంకెలుగా రాసుంటే ఆనాడు నా మూడు సాయంత్రాలూ, ఆ పొట్టా దక్కేవి. కిట్ మొత్తం రెసిన్‌తో బరువెక్కితే కాళ్లు నిలుస్తాయా అన్నది కూడా చూడాలి. నిలవకపోతేనే లోహపు లాండింగ్ గేర్ కొనమని చెప్పండి.

రెసిన్ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి అరగదీయండి, మాస్కు పెట్టుకోండి. మధ్యతరగతి ఇళ్లలో మన బల్ల పడకగదిలోనే ఉంటుంది, పక్కనే పిల్లలు పడుకుని ఉంటారు. ప్రతి రెసిన్ రివ్యూలోనూ ఈ రెండు వాక్యాలూ రాయడం నేను మానను.

త్రీడీ ప్రింట్ ముక్కల్లో పొరల మెట్లు కనిపిస్తున్నాయా, ఆసరా పుల్లలు తీశాక మచ్చలు ఎక్కడ పడ్డాయి, చేతికి జిగటగా తగులుతోందా చూడండి. జిగటగా ఉంటే అది పూర్తిగా గట్టిపడలేదని అర్థం. ఎండ తగిలితే ఇవి పెళుసెక్కుతాయి, కాబట్టి ఫోటోల కోసం కిటికీలో పెట్టి మరిచిపోకండి.

లేతులో తిప్పిన ఇత్తడి పిటాట్ గొట్టాలు (విమానం వేగం కొలిచే సన్నటి గొట్టాలు), తుపాకీ గొట్టాల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. మిగ్-21 ముక్కు గొట్టం ప్లాస్టిక్‌ది అయితే కట్టేలోపే రెండుసార్లు విరుగుతుంది. లోహంది కొనమని ఎవరికైనా ధైర్యంగా చెప్తాను. రంగు తగలకుండా కానోపీ మీద అంటించే మాస్కుల విషయంలో ఒకటే చూడండి. వంపు మీద అంటించి ఒక రాత్రి వదిలేయండి. వినైల్ అయితే తెల్లారేసరికి అంచు లేవొచ్చు, పసుపు రంగు కాగితం టేపుతో చేసినవి సాధారణంగా లేవవు.

చివరగా, మూసేశాక ఎంత కనిపిస్తుంది? రెసిన్ ఇంజను ఎంత అందంగా ఉన్నా, మూత బిగించాక మిగిలేది మీ జ్ఞాపకంలోనే. మూతలు తెరిచి ఉంచేవాళ్లకి కొనమనండి, మూసి కట్టేవాళ్లకి వద్దనండి. కిట్ ధర, సామాను ధర, షిప్పింగ్, సుంకం అన్నీ కలిపి రూపాయల్లో ఇంటికి చేరేసరికి ఎంతయిందో వేయండి. డాలర్లలో, యూరోల్లో ధర చూసి లెక్క వేసుకునే కుర్రాళ్లకి సుంకం సంగతి తట్టదు.

రాయడం

ముందు నిర్ణయం చెప్పండి, తర్వాత కారణాలు. ఎవరు కొనాలి, ఎవరు ఆగాలి అన్నది మొదటి పేరాలోనే ఉండాలి. చాలామంది సెల్‌ఫోన్‌లో, బస్సులో కూర్చుని చదువుతారు. ఐదుకి నాలుగు నక్షత్రాలు అని మార్కులు వేయడం నాకు నచ్చదు. పదేళ్ల అనుభవం ఉన్నవాడికి నాలుగు నక్షత్రాల కిట్ మొదటిసారి కట్టేవాడికి టెన్షన్ పెట్టి ఏడిపించొచ్చు. దానికి బదులు ‘రెండు కిట్లు కట్టినవాళ్లకి ఇది సులువు, రెక్క మొదట్లో మాత్రం పుట్టీ పని ఉంది’ అని రాయండి.

లోపం చెప్పినచోట దాన్ని సరిచేసే దారి, పట్టే సమయం కూడా చెప్పండి. ‘సింక్ మార్కు ఉంది’ కన్నా ‘సింక్ మార్కు ఉంది, పుట్టీతో పావుగంట పని’ అన్నది కొనేవాడికి పనికొస్తుంది. స్ప్రూ, ఫ్లాష్, డెకాల్ లాంటి మాటలకి తెలుగు పుట్టించి ఇబ్బంది పడొద్దు. మొదటిసారి వాడినప్పుడు ఒక వాక్యంలో విడమర్చి, తర్వాత అలాగే వాడుకోండి. వేరేవాళ్ల ఫోటోలు పెట్టకండి, పెట్టె మీద ఉన్న ప్రచార వాక్యాలు మీ మాటల్లా రాయకండి.

ముక్క లేకపోవడం లాంటి లోపం ఉంటే ముందు అమ్మినవాళ్లకి రాసి, ఎన్ని రోజుల్లో ఏం జవాబిచ్చారో కూడా రివ్యూలో కలపండి. మంచి జవాబిస్తే అది కూడా కిట్ గుణమే.

రివ్యూ పెట్టేశాక కూడా ఆ మోడల్‌ని ఒక ఏడాది కళ్ల ముందు ఉంచుకోండి. డెకాల్ పసుపెక్కిందా, సూపర్ గ్లూ పట్టు వదిలిందా, ప్రింట్ ముక్క వంగిందా అన్నవి మన ఎండల్లోనే తెలుస్తాయి. నేను మెచ్చుకున్న ఒక డెకాల్ షీటు రెండో వేసవి దాటేసరికి కానోపీ వెనక అంచు దగ్గర పగుళ్లిచ్చింది. పాత రివ్యూ పైనే తేదీ వేసి, పగుళ్ల ఫోటో పెట్టి, మొదటి పేరాలోని ‘కొనండి’ అన్న మాటని ‘పైన క్లియర్ కోటు వేసే ఓపిక ఉంటే కొనండి’ అని మార్చాను.